సంతకానికి తొందరపడకండి, ముందు ఇంటి ఖర్చు సర్దుకోండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. సొంతంగా టైలరింగ్ చేసుకుంటాను. నాలుగు నెలల క్రితం రానూపోనూ టికెట్ మీద విదేశం వెళ్లి తిరిగి వస్తున్నప్పుడు, విమానంలో తోటి ప్రయాణికుడు సీటు పైనున్న లగేజీ అర తెరిచాడు. అందులోంచి పెట్టె జారి నా కుడి భుజం మీద పడింది. స్కానింగ్‌లో టెండన్ కొంత చిరిగిందని తేలింది. ఫిజియోథెరపీ చేయిస్తున్నాను. తగ్గకపోతే ఆపరేషన్ అంటున్నారు. నెలకు 50 ఆర్డర్లు కుట్టేదాన్ని, ఇప్పుడు ఒక సహాయకురాలిని పెట్టుకుని 12 చేయగలుగుతున్నాను. ఆస్పత్రి ఖర్చంతా క్రెడిట్ కార్డు మీదే పెట్టాను. టికెట్ డబ్బు వాపసు ఇచ్చి, మరో ప్రయాణానికి వోచర్ కూడా ఇస్తామంటూ విమాన సంస్థ ఒక సెటిల్‌మెంట్ కాగితం పంపి సంతకం పెట్టమంది. మా బంధువులేమో ‘చట్టప్రకారం 2 లక్షల డాలర్లు రావాలి, వదలొద్దు’ అంటున్నారు. కార్డు బిల్లు చూస్తే నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టేయనా? లేక రిటైర్మెంట్ కోసం దాచిన డబ్బు తీసి కేసు వేయనా?

జవాబు: రెండూ వద్దండి. కనీసం ఇప్పుడే వద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతకం పెడదామన్న ఆలోచన మీకు ఆ ఆఫర్ నచ్చి రాలేదు, కార్డు బిల్లు చూసి వచ్చింది. దెబ్బ తగిలినవాళ్లు తక్కువకు ఒప్పేసుకోవడానికి నేను చూసినంతలో ప్రధాన కారణం ఇదే. చేతిలో డబ్బు ఆడక, ‘ఎంతో కొంత వస్తే చాలు’ అనుకుంటారు. కాబట్టి ముందు మీకు ఒక ఏడాది ఆగగలిగే ఓపిక రావాలి. ఆ ఓపికకు కావలసిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలో కూడా చెబుతాను. దానికి ముందు మీ హక్కు ఏమిటో తెలుసుకోండి. అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అంతర్జాతీయ విమాన ప్రయాణంలో గాయపడినవారి పరిహారాన్ని చాలావరకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం నిర్ణయిస్తుంది. 130కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. విమానంలో గానీ, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గానీ జరిగిన ప్రమాదం వల్ల శరీరానికి గాయమైతే విమాన సంస్థ బాధ్యత వహించాలి. వాళ్ల తప్పు ఉందని మీరు నిరూపించనక్కర్లేదు. ప్రమాదం జరిగిందని, దానివల్లే గాయమైందని, దానివల్ల ఇంత నష్టపోయానని చూపిస్తే చాలు. పెట్టె తీసింది తోటి ప్రయాణికుడే కదా అని వాళ్లు అనవచ్చు. ఒక పరిమితి వరకు ఆ వాదన చెల్లదు. మీ సొంత నిర్లక్ష్యం ఉందని నిరూపిస్తే మాత్రం ఆ మేరకు తగ్గించుకోవచ్చు. మీరు సీట్లో కూర్చుని ఉన్నారు కాబట్టి అది కష్టం.

ఆ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,51,880 ఎస్‌డీఆర్‌లు. అంతకుముందు 1,28,821 ఉండేది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్ విలువలు కలిపి కడతారు. ఇప్పటి లెక్కన ఆ పరిమితి సుమారు 2 లక్షల డాలర్లు. మీ బంధువులు చెప్పిన అంకె ఇక్కడిదే. కానీ వాళ్లు దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. అది గాయపడిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే మొత్తం కాదు. మీ నష్టం ఎంతో అంతే వస్తుంది. ఆ నష్టం ఈ గీత దాటితే, పైమొత్తం విషయంలో మాత్రం ‘మా నిర్లక్ష్యం లేదు’ అనో ‘ఇది పూర్తిగా మూడో మనిషి వల్ల జరిగింది’ అనో నిరూపించుకుని తప్పించుకునే అవకాశం విమాన సంస్థకు ఉంటుంది. గీతకు ఇవతల ఆ అవకాశం లేదు. మీ గాయానికి ఆపరేషన్ ఖర్చు కలిపినా నష్టం గీతకు ఇవతలే ఉండవచ్చనిపిస్తోంది. అంటే తప్పెవరిదన్న గొడవ మీకు పెద్దగా ఉండదు. ఎంత అన్నదే ప్రశ్న.

‘ప్రమాదం’ అన్న మాటకు ఇక్కడ ప్రత్యేకమైన అర్థం ఉంది. ప్రయాణికుడి శరీరానికి బయట జరిగిన, ఊహించని లేదా అసాధారణమైన ఘటన అని 1985లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చాలా దేశాల కోర్టులు దాన్నే ఆధారంగా తీసుకున్నాయి. వేడి కాఫీ ఒలికి ఒక పాప ఒళ్లు కాలిన కేసులో, అది విమానయానానికి మాత్రమే ప్రత్యేకమైన ప్రమాదం కానక్కర్లేదని 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. పెట్టె మీద పడటం ఈ నిర్వచనంలోకి హాయిగా వస్తుంది. ప్రయాణం మామూలుగానే సాగినా ఎక్కువసేపు కూర్చోవడం వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టిందన్న కేసులను మాత్రం కోర్టులు ఈ కారణంతోనే తోసిపుచ్చాయి.

ఇక గడువు. గమ్యానికి చేరిన రోజు నుంచి రెండేళ్లలోపు కోర్టులో దావా వేయాలి. ఆ రోజు దాటితే హక్కే పోతుంది. ఉత్తరాలు రాసుకుంటూ ఉన్నాం, వాళ్లు ‘పరిశీలిస్తున్నాం’ అన్నారు అంటే గడియారం ఆగదు. మీకు నాలుగు నెలలు గడిచాయి, ఇంకా 20 నెలలు ఉన్నాయి. ఈ రోజే క్యాలెండర్‌లో రెండు తేదీలు గుర్తు పెట్టుకోండి. ఒకటి చివరి రోజు. రెండోది దానికి ఆరు నెలల ముందు రోజు. అప్పటికి తేలకపోతే లాయరు దగ్గర ఉండాలి. మీది రానూపోనూ టికెట్ కాబట్టి చట్టం దృష్టిలో మీ గమ్యం బయల్దేరిన చోటే. అందువల్ల మీ దేశం ఒప్పందంలో ఉంటే అక్కడి కోర్టులోనే వేయవచ్చు, పరాయి దేశం వెళ్లి వాదించనక్కర్లేదు. టికెట్ ఒక సంస్థ అమ్మి, విమానం వేరే సంస్థ నడిపి ఉంటే ఇద్దరిలో ఎవరినైనా అడగవచ్చు. (దేశంలోపలి ప్రయాణం, విడి టికెట్ అయితే ఇవేవీ నేరుగా వర్తించవు. ఆ దేశపు చట్టం చూడాలి.)

ఇప్పుడు వాళ్లు పంపిన కాగితం సంగతి. ఇలాంటి కాగితాల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ‘ఈ ఘటనకు సంబంధించి ఇప్పుడున్నవీ, ఇకపై తలెత్తేవీ అయిన అన్ని క్లెయిములనూ వదులుకుంటున్నాను’ అని. ‘ఇకపై తలెత్తేవీ’ అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీయండి. మీ ఆపరేషన్ ఆ రెండు మాటల్లో ఉంది. అది అవసరమో కాదో మీ డాక్టరుకే ఇంకా తెలియదు. ఎంత ఖర్చవుతుందో తెలియని దానికి ముందే రసీదు ఇచ్చేస్తారా? భుజం ఇక ఇంతకంటే మెరుగుపడదు అనో, పూర్తిగా నయమైంది అనో డాక్టరు రాసిచ్చిన తర్వాతే పూర్తి సెటిల్‌మెంట్ మాట్లాడాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే, ఆ కంపెనీ మీకు చెల్లించిన డబ్బును విమాన సంస్థ నుంచి రాబట్టుకునే హక్కు సాధారణంగా దానికి ఉంటుంది. వాళ్లకు చెప్పకుండా మీరు అన్నీ వదులుకున్నామని సంతకం పెడితే మీ క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు.

అలాగని ఆఫర్‌ను చెత్తబుట్టలో పడేయొద్దు, జవాబు రాయండి. పరిమితికి అదనంగా కోర్టు ఖర్చులు, వడ్డీ కూడా కోర్టు ఇప్పించవచ్చన్న నిబంధన ఈ ఒప్పందంలో ఉంది. కానీ ఘటన జరిగిన ఆరు నెలల్లోపు, లేదా దావా వేసేలోపు, ఈ రెండిట్లో ఏది తర్వాతదైతే అప్పటిలోగా విమాన సంస్థ లిఖితపూర్వకంగా ఇస్తామన్న మొత్తం కంటే కోర్టు ఇచ్చిన పరిహారం ఎక్కువ కాకపోతే, ఆ నిబంధన మీకు అక్కరకు రాదు. అందుకే వచ్చే ప్రతి ఆఫర్‌నూ మీ సొంత లెక్కతో పోల్చి చూడాలి, కోపంతో కాదు.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం, ఎందుకంటే జీతం స్లిప్పు లేనివాళ్లు ఇక్కడే నష్టపోతారు. మీ ఆర్డర్ల పుస్తకం తీయండి. కొలతలు, తేదీలు, అడ్వాన్సులు రాసుకున్న ఆ నలిగిన పుస్తకమే మీకు జీతం స్లిప్పు. దెబ్బ తగలకముందు ఏడాది ఇవే నెలల పేజీలు ఒక పక్క, ఇప్పటివి ఒక పక్క పెట్టి ఫొటోలు తీయించండి. నెలకు 50 నుంచి 12కు వచ్చారు, అంటే 38 ఆర్డర్లు పోయాయి. ఒక్కో ఆర్డరుకు 100 వస్తుందనుకుందాం. దారం, లైనింగ్, బటన్లు, కరెంటు కింద 30 పోతే మిగిలేది 70. అప్పుడు నెల నష్టం 38 గుణించు 70, అంటే 2,660. నాలుగు నెలలకు 10,640. మొత్తం 100 చొప్పున అడిగితే వాళ్లు వెంటనే తప్పు పడతారు, మీ మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. అద్దె మాత్రం ఆ 30లో కలపకండి. కుట్టినా కుట్టకపోయినా అద్దె కట్టారు కదా. సహాయకురాలి జీతం విడిగా కలపండి, నష్టం పెరగకుండా ఆపడానికి చేసిన ఖర్చు అది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నులు ఈ అంకెలతో సరిపోవాలి. రిటర్నుల్లో తక్కువ చూపించి ఇక్కడ ఎక్కువ అడిగితే నిలబడదు.

వైద్యం ఖర్చు, ఆస్పత్రికి రాకపోకలు, ఇంటిపనికి పెట్టుకున్న మనిషి, డాక్టరు చెప్పిన రాబోయే వైద్యం, నొప్పికీ బాధకూ పరిహారం కూడా ఇందులోకి వస్తాయి. ఫిజియోథెరపీ సెషన్లు ఎగ్గొట్టకండి. మధ్యలో మానేస్తే ‘నిజంగా అంత నొప్పి ఉంటే మానేసేవారా’ అంటారు. డాక్టరు ఎలా ఉందంటే మొహమాటానికి ‘పర్లేదండీ’ అనకండి, ఆ మాటే ఫైల్లో పడుతుంది. ఒక చిన్న నోటుబుక్కులో రోజూ రెండు లైన్లు రాయండి: ‘ఇవాళ జడ వేసుకోలేకపోయాను. రాత్రి కుడిపక్కకు ఒత్తిగిల్లి పడుకోలేకపోయాను.’ ఏడాది తర్వాత జ్ఞాపకం నుంచి చెప్పే మాట కంటే ఇది బలమైనది.

మా నాన్నగారు ఒకసారి విమానం మెట్లు దిగుతూ జారి పడ్డారు. సిబ్బంది పరుగున వచ్చి రిపోర్టు రాస్తామంటే ‘ఏం కాలేదు, వెళ్లండి’ అని నవ్వుతూ నడిచి వచ్చేశారు. మూడు వారాలకు తుంటి నొప్పితో మంచం దిగలేకపోయారు. ఆ రోజు పడ్డారని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: మీ ఘటన మీద సిబ్బంది రాసిన రిపోర్టు కాపీ ఉందా? లేకపోతే ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి, ఆ రికార్డులను భద్రపరచమని కూడా రాయండి. బోర్డింగ్ పాస్, సీటు నంబరు, పక్క సీట్లవాళ్ల ఫోన్ నంబర్లు ఏవి ఉన్నా ఒక ఫైల్లో పెట్టండి.

సరే, ఈ ఏడాది గడవడం ఎలా? ముందు ఇన్సూరెన్సులన్నీ బయటకు తీయండి. ట్రావెల్ పాలసీ, ఆరోగ్య బీమా, వ్యక్తిగత ప్రమాద బీమా, టికెట్ కొన్న కార్డుతో వచ్చే ప్రయాణ బీమా. మీ ఉత్తరంలో వీటి ఊసే లేదు. ప్రమాద బీమా సాధారణంగా నిర్ణీత మొత్తం ఇస్తుంది, ఆస్పత్రి బిల్లుతో సంబంధం ఉండదు. సమాచారం ఇవ్వడానికి పాలసీలో గడువులుంటాయి. దాటినట్టు కనిపించినా కారణం రాసి క్లెయిమ్ పెట్టండి.

తర్వాత కార్డు. కనీస మొత్తం కడుతూ పోతే అందులో ఎక్కువ భాగం వడ్డీకే సరిపోతుంది, అసలు కదలదు. డిపాజిట్ ఉంటే దాని మీద రుణం తీసుకుని కార్డు తీర్చేయండి, లేదా బ్యాంకు నుంచి తక్కువ వడ్డీ వాయిదాల రుణం తీసుకోండి. ఇకపై వచ్చే ఆస్పత్రి బిల్లులకు వాయిదాలు అడగండి, అడిగితే ఇచ్చే ఆస్పత్రులు ఉన్నాయి. అత్యవసర నిధి అంటూ ఉంటే అది ఇలాంటి రోజు కోసమే, వాడుకోవడానికి బాధపడకండి. రిటైర్మెంట్ డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. 43 ఏళ్లకు తీసిన డబ్బు ఒక్క ఈ ఏడాదితో పోదు, దాని మీద పెరగాల్సిన పాతికేళ్ల పెరుగుదల కూడా పోతుంది. రాబోయే పరిహారాన్ని చూసుకుని కొత్త అప్పు చేయడం కూడా వద్దు. అది బ్యాంకు ఖాతాలో పడేదాకా మీ లెక్కల్లో దాని విలువ సున్నా.

లాయరు ఫీజు గురించి భయం అక్కర్లేదు. ముందు ఒక గంట సలహాకు డబ్బు కట్టి మీ ఫైలు చూపించండి. కొన్ని దేశాల్లో వచ్చిన దాంట్లో వాటా పద్ధతి ఉంది, కొన్ని చోట్ల అది నిషిద్ధం. ఏదైనా ముందే కాగితం మీద రాయించుకోండి. వచ్చిన పరిహారంలో ఏ భాగానికి పన్ను పడుతుందో మీ పన్ను సలహాదారును అడగండి. కోల్పోయిన ఆదాయానికీ, గాయానికీ చాలా చోట్ల వేర్వేరు లెక్కలు ఉంటాయి.

ఈ వారంలోనే విమాన సంస్థకు ఇలా రాయండి: ‘మీ ప్రతిపాదన అందింది. నా వైద్యం ఇంకా పూర్తి కాలేదు, అందువల్ల తుది సెటిల్‌మెంట్‌కు ఇప్పుడు అంగీకరించలేను. మాంట్రియల్ ఒప్పందంలోని 17వ అధికరణం కింద నా హక్కులన్నీ నిలుపుకుంటున్నాను. ఘటన రిపోర్టు కాపీ పంపండి, సంబంధిత రికార్డులను భద్రపరచండి. ఇప్పటివరకు అయిన వైద్య ఖర్చుల బిల్లులు జతచేస్తున్నాను. హక్కులు వదులుకోవాలన్న షరతు లేకుండా, తుది పరిహారంలో సర్దుబాటు చేసుకునేలా వీటిని ముందుగా చెల్లించగలరా?’ ముందస్తు చెల్లింపు ఇవ్వాలని అన్ని చోట్లా చట్టం లేదు, అయినా అడగడానికి అడ్డేమీ లేదు. వాళ్లు జవాబుగా కొత్త కాగితం పంపితే, సంతకం పెట్టేముందు నాకో కాపీ పంపండి, చదివి చెబుతాను.