కరోనా కాలంలో మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల పరిస్థితి ఏమిటి?

ఇంగ్లండ్ సంగతి చెప్తాను, అక్కడ లెక్కలు తీశారు. 2020లో మొదటి వేవ్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోవిడ్ మరణాల రేటు, వయసు తేడాలు సరిచూశాక కూడా, మిగతా జనం కంటే సుమారు 4 రెట్లు ఎక్కువ. నమోదు కానివి కలిపితే 6 రెట్లు దాటొచ్చని అంచనా.

కారణం వైరస్ ఒక్కటే కాదు. మేధో వైకల్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చేది) ఉంటే మతిమరుపు జబ్బు ముందే వస్తుంది, ఊపిరితిత్తుల సమస్యలూ ఎక్కువే, పైగా చాలామంది కేర్ హోముల్లో నలుగురితో కలిసి ఉండేవాళ్లు, ఆయాసంగా ఉందని నోటితో చెప్పలేని వాళ్లూ ఉన్నారు.

ఇక బతికినవాళ్ల బాధ ఈ లెక్కల్లో కనబడదు. అరవై ఏళ్ల మనిషి, అన్నం తినిపించే ఆమె ముఖం చూసి అంతా అర్థం చేసుకునేవాడు, ఒకరోజు ఆ ముఖానికి మాస్క్ వచ్చింది, నవ్వు కనబడదు, రోజూ పగలు గడిపే డే సెంటర్ మూతపడింది, వారం వారం వచ్చే అక్క రావడం మానేసింది, ఎందుకో ఎంత చెప్పినా అర్థం కాదు. అలిగిందేమో అనుకుంటాడు.

టీకా విషయంలోనూ, జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) రిజిస్టర్‌లో ఉన్న ఇలాంటివాళ్లందరికీ ముందుగా ఇవ్వాలని అక్కడి టీకా సలహా కమిటీ చెప్పింది 2021 ఫిబ్రవరి చివర్లో. చాలా ఆలస్యం అది.