కాంపౌండ్ వాల్ కోసం ఐదున్నర లక్షల లోనా? ముందు టేపు పట్టి కొలవండి

ప్రశ్న: మాది నంద్యాల శివారు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో రెండేళ్ళ క్రితం ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీకి డబ్బులు చాలక వదిలేశాం. కుడివైపు ఇంటివాళ్ళు వాళ్ళ గోడ కట్టుకున్నారు, ఎడమవైపు, వెనుకవైపు ఖాళీ ప్లాట్లే. పోయిన నెల రాత్రిపూట ఎవరో వచ్చి బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు, పాప సైకిల్ కూడా పోయింది. అప్పటి నుంచి మా అత్తమ్మకు నిద్ర లేదు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు, నెలకు 45 వేలు పంపుతారు. నాకు ఇంట్లోనే టైలరింగ్, 11 వేల దాకా వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 14 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు, చీటీ 5 వేలు. బ్యాంకులో 1.2 లక్షలు, పాప ఇంజినీరింగ్ కోసం 4 లక్షల ఎఫ్‌డీ, ఇంట్లో 12 తులాల బంగారం ఉన్నాయి. మేస్త్రీ ఆరడుగుల ఇటుక గోడకు అడుగుకు 2,800 చొప్పున 192 అడుగులకు, గేటు 45 వేలతో కలిపి 5.82 లక్షలు అన్నాడు. రెడీమేడ్ సిమెంటు పలకల గోడ అయితే చదరపు అడుగు 110 అంట. రాతి కడీలు నాటి జాలీ కడితే అడుగుకు 300, ముళ్ళ తీగ మూడు వరసలకు అడుగుకు 40 చెప్పారు. మా మరిది 14 శాతానికి పర్సనల్ లోన్ ఐదున్నర లక్షలు తీసుకుని ఒకేసారి కానిచ్చేద్దాం, వెనుక కరెంటు తీగ లాగుదాం అంటున్నాడు. ఎఫ్‌డీ విరగ్గొట్టమని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఆ కరెంటు తీగ సంగతి. వద్దు. ఇంటి కరెంటును నేరుగా కంచెకు కలపడం చట్టరీత్యా నేరం. పొలాల్లో అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు మన రెండు రాష్ట్రాల్లో రైతులే, పక్క పొలం వాళ్ళే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ వెనుక ప్లాటులో బంతి కోసం వచ్చే పిల్లాడు ఉంటాడు, మేకలు తోలుకొచ్చే ముసలమ్మ ఉంటుంది, రాత్రి లేచి వెనక్కి వెళ్ళే మీ అత్తమ్మే ఉంటుంది. సోలార్ ఫెన్సింగ్ అని అమ్మేది వేరే, అందులో ప్రత్యేకమైన యంత్రం క్షణకాలం పాటు తగిలే షాక్ మాత్రమే పంపుతుంది, అది తోటలకు సరే కానీ 240 గజాల ఇంటికి అవసరం లేదు. మీ మరిదికి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి.

ఇక డబ్బు సంగతికి వద్దాం. మీ ఉత్తరం చదవగానే నాకు తగిలింది 192 అనే అంకె. 36, 60 కలిపి రెండింతలు చేస్తే 192 వస్తుంది, మేస్త్రీ అదే వేశాడు. కానీ అందులో కుడివైపు 60 అడుగులకు పొరుగువాళ్ళ గోడ ఇప్పటికే ఉంది. ముందువైపు గేటు వచ్చేచోట 12 అడుగులకు గోడే ఉండదు, పైగా ఆ గేటుకు 45 వేలు విడిగా కలిపాడు. అవి తీసేస్తే మీరు కట్టాల్సింది ఎడమవైపు 60, వెనుక 36, ముందు 24, అంతా కలిపి 120 అడుగులే! మిగతా 72 అడుగులకు 2,800 చొప్పున లెక్క వేస్తే 2,01,600 రూపాయలు. మేస్త్రీ మోసం చేశాడని నేను అనను, చుట్టుకొలత వేసి రేటుతో గుణించడం వాళ్ళకు అలవాటు. ఆ 2 లక్షలకు వడ్డీ కట్టేది మాత్రం మీరు కదా.

పర్సనల్ లోన్ ఐదున్నర లక్షలు 14 శాతానికి ఐదేళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 12,800 ఈఎంఐ పడుతుంది, ఐదేళ్ళలో వడ్డీ ఒక్కటే 2.18 లక్షల దగ్గర ఉంటుంది. మీ ఇంట్లో నెలకు మిగిలేది 12 వేలు. అంటే మొదటి నెల నుంచే 800 తక్కువ. పాప ఇంజినీరింగ్‌లో చేరిన సంవత్సరం ఆ 800 కాస్తా 8 వేలు అవుతుంది, అప్పుడు చీటీ ఆపాలి, లేదా మళ్ళీ అప్పు చేయాలి. ఇది నాకు అస్సలు ఇష్టం లేదు. ఎఫ్‌డీ కూడా ముట్టుకోకండి. ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కోత వేస్తుంది, అది చిన్న విషయమే. ఫీజు కట్టాల్సిన రోజు దాకా ఆ డబ్బును మళ్ళీ కూడబెట్టే టైమ్ మీకు లేదు, అదీ అసలు కష్టం. 1.2 లక్షల సేవింగ్స్ అలాగే ఉండాలి, ఎందుకంటే ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 39 వేలు, అది సరిగ్గా మూడు నెలల ఊపిరి. కువైట్‌లో ఉద్యోగం చేసే ఇంటికి ఇంకా ఎక్కువే ఉండాలని నేను చెప్తాను.

మరి గోడ ఎలా?

గోడ దేనికి కడుతున్నారో ఒక్కసారి ఆలోచించండి. మీకు జరిగింది రాత్రిపూట చీకట్లో ఎడమ నుంచో వెనుక నుంచో ఎవరో నడుచుకుంటూ వచ్చి, బయట ఉన్న వస్తువులు తీసుకుపోవడం. ఇంటి తలుపులు పగలగొట్టలేదు. ఇలాంటి దొంగతనానికి కావాల్సింది నడిచి రాకుండా అడ్డు, వెలుతురు, బయట పోయే వస్తువు లేకపోవడం. దానికి నాలుగు వైపులా తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టనక్కర్లేదు.

పైగా మీ నంద్యాల వైపు ఎక్కువగా నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఈ నేలలో ఇటుక గోడ నిలవాలంటే పునాది లోతుగా తీసి, కింద బెల్టు బీము, అంటే గోడ పొడవునా ఇనుప కడ్డీలతో పోసే కాంక్రీటు పట్టీ, వేసి కట్టాలి. మేస్త్రీ చెప్పిన 2,800లో ఆ బీము ఉందా అని అడగండి, లేదంటే రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలో ఏటవాలు పగుళ్ళు వస్తాయి. పలకల గోడకు కూడా ఇదే ప్రమాదం ఇంకో రూపంలో ఉంది. మా నాన్నగారి స్థలానికి అలాంటి గోడే పెట్టించాం, పనివాళ్ళు స్తంభాల గుంతలు అడుగు లోతే తీసి మట్టితో పూడ్చి వెళ్ళిపోయారు, మొదటి వానాకాలానికే వెనుకవైపు స్తంభాలన్నీ పక్క చేలోకి వాలిపోయాయి. మళ్ళీ పాతించడానికి సగం ఖర్చు అయింది. అందుకే చెప్తున్నాను, స్తంభం కనీసం రెండున్నర అడుగులు భూమిలోకి దిగాలి, గుంత నిండా కాంక్రీటు పోయాలి, అది మీ కళ్ళ ముందే జరగాలి. ఆ రోజు మిషన్ ఆపేసి కుర్చీ వేసుకుని కూర్చున్నా నష్టం లేదు. ఒక్కటి మాత్రం ఉంది, పలకల గోడ వాలితే ఆ స్తంభం వరకు తీసి సరిచేసుకోవచ్చు, ఇటుక గోడ పగిలితే కూలగొట్టాల్సిందే.

కాబట్టి నా లెక్క ఇది. ఎడమ, వెనుక కలిపి 96 అడుగులకు ఆరడుగుల పలకల గోడ వేయించండి. చదరపు అడుగు 110 అంటే పొడవు అడుగుకు 660, మొత్తం 63,360. పలకలు స్తంభాల గాడిలో పైనుంచి జారవిడుస్తారు కాబట్టి గునపంతో పై పలక ఎత్తి తీసేసేవాళ్ళు ఉంటారు, పై వరసను సిమెంటుతో గట్టిగా బిగించమని ముందే మాట్లాడుకోండి. దాని మీద ఇనుప యాంగిల్స్‌కు మూడు వరసల ముళ్ళ తీగ, 3,840. బ్లేడు తీగ చుట్టలు, అదే మిలిటరీ కంచెలా గుండ్రంగా ఉండేవి, మీ ఇంటికి వద్దు. ఖాళీ ప్లాట్లలో రేపు ఇళ్ళు వస్తాయి, పిల్లలు వస్తారు.

ముందువైపు ఖాళీగా వదిలి మిగతా వైపులు మూయడం తలుపు లేని ఇంటికి కిటికీలు బిగించినట్టే. కానీ ముందువైపు ఇటుక గోడ, టైల్స్, గ్రిల్ అన్నీ ఇప్పుడే అక్కర్లేదు. గేటు ఎప్పటికైనా కావాల్సిందే కాబట్టి అది ఇప్పుడే పెట్టించండి, 45 వేలు, గేటు స్తంభాలు కూడా ఆ రేటులోనే ఉన్నాయా అని కనుక్కోండి. మిగతా 24 అడుగులకు ప్రస్తుతానికి కడీలు నాటి జాలీ కట్టించండి, 7,200. జాలీ కొనేటప్పుడు గేజీ చూడండి, అంకె పెద్దదైతే తీగ సన్నగా ఉంటుంది. 10 గేజీ అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, 12 అంటే రెండున్నర పైచిలుకు, 14 అంటే రెండే. 10 అని చెప్పి 12 కట్టిపోవడం చాలా మామూలు. దీపాలకు, బోరు కేబుల్‌ను ఇనుప పైపులో దింపి పైన కాంక్రీటు వేయడానికి ఒక 8 వేలు అనుకోండి. అన్నీ కలిపితే 1,27,400. ముందువైపు అసలు గోడ 24 అడుగులే, మేస్త్రీ రేటు ప్రకారమే 67,200, అది మీ ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మిగిలిన డబ్బుతో కట్టుకోవచ్చు. అన్నట్టు ముందువైపు ఆరడుగులు మూసేయకండి. నాలుగు అడుగుల గోడ, పైన గ్రిల్ ఉంటే రోడ్డు మీద పోయేవాళ్ళకు లోపల ఎవరైనా దాక్కుంటే కనిపిస్తుంది.

ఈ 1.3 లక్షలకు బంగారం మీద లోన్ తీసుకోండి. బంగారం కుదువ పెట్టడం అంటే మన ఇళ్ళల్లో పరువు తక్కువ అనుకుంటారు, నాకు తెలుసు, కానీ 12 తులాల్లో చిన్న భాగమే చాలు, పైగా 14 శాతం పర్సనల్ లోన్ కంటే ఇది చాలా నయం. 10 శాతం వడ్డీ అనుకుని నెలకు 12 వేలు కట్టుకుంటూ పోతే పన్నెండో నెలలో తీరిపోతుంది, మొత్తం వడ్డీ 7 వేల లోపే. అయితే అసలు కొంచెం కొంచెంగా కట్టనిచ్చే బ్యాంకులోనే పెట్టండి, ఏడాది చివర ఒకేసారి కట్టే లోన్ అయితే ఆ 12 వేలు ప్రతి నెలా ఏదో ఒక ఖర్చుకు పోతాయి, చివరికి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అలా ఐదారేళ్ళు తిరగరాస్తూ చివరికి నగ వేలానికి పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

ఒక్క రూపాయి అడ్వాన్సు ఇచ్చే ముందు హద్దులు కొలిపించండి. సర్వే కోసం సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టండి, లేఅవుట్ కాపీ, రిజిస్ట్రేషన్ దస్తావేజు దగ్గర ఉంచుకోండి. ఎంత ఎత్తు వరకు కట్టుకోవచ్చో కూడా అప్పుడే కనుక్కోండి. ఎడమ, వెనుక ప్లాట్ల ఓనర్లకు ఫోన్ చేసి కొలిచే రోజు రమ్మనండి, రాకపోతే వాట్సాప్‌లో ఫొటోలు పంపి ఉంచండి. పునాది గానీ స్తంభం కాంక్రీటు గానీ గీత దాటి అటు పోకూడదు, పైకి గోడ మీ స్థలంలోనే ఉన్నా కింద పునాది అటువైపు పొడుచుకొస్తే రేపు వాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు గొడవ అక్కడే మొదలవుతుంది. కుడివైపు వాళ్ళ గోడ కూడా కొలిపించండి. అది మీ స్థలంలోకి ఒక అడుగు వచ్చి ఉంటే మొహమాటపడి ఊరుకోవద్దు, లిమిటేషన్ చట్టం ప్రకారం పన్నెండేళ్ళు అభ్యంతరం లేకుండా గడిచిపోతే ఆ జాగా మీద హక్కు కోల్పోయే పరిస్థితి రావచ్చు. సరిగ్గా ఉంటే మంచిదే, వాళ్ళ గోడ మీద ముళ్ళ తీగ వేసుకుంటామని అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రెండు లైన్లు రాయించుకోండి. గోడ వాళ్ళది, అడగకుండా మేకు కూడా కొట్టకూడదు.

బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. వద్దు, పేరు, తేదీతో బిల్లు తీసుకుని, బ్యాంకు ద్వారా డబ్బు ఇచ్చి ఆ కాగితాలు దస్తావేజుతో పాటు దాచండి. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ప్రహరీ ఖర్చును ఆస్తి మెరుగుదల ఖర్చు కింద లాభంలోంచి తీసేయమని చూపించుకోవచ్చు, ఇప్పుడు దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం ఉంది. అడ్వాన్సు సామాను దిగాకే ఇవ్వండి, చివరి పది శాతం ఒక మంచి వాన పడేదాకా ఆపుతామని ముందే చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, అయినా అడగండి.

ఇంకో మాట, హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇంటికి బీమా చేయించి ఉంటుంది, ఆ పాలసీ తీసి చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో ప్రహరీ గోడ, కంచె, గేటు కూడా ఇంటి కట్టడంలో భాగమే, తుఫానుకో వరదకో పడిపోతే క్లెయిమ్ వస్తుంది. గోడ పూర్తయ్యాక ఆ విలువ కలిపి బీమా మొత్తం పెంచమని రాసి ఇవ్వండి. మామూలు దొంగతనానికి మాత్రం అది పనికిరాదు, అగ్నిప్రమాదం, వరద లాంటివి జరిగిన ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనానికే వర్తిస్తుంది.

నల్లరేగడిలో గుంతలు తీయడానికి వానలు వెనక్కి తగ్గి, నేల ఆరి, ఇంకా బీటలు వారని రోజులు మంచివి, అంటే కార్తీకం నుంచి మాఘం దాకా. సర్వే అయి, లోన్ చేతికొచ్చేసరికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది. కానీ మనిషి కదిలితే వెలిగే దీపాలు రెండు, వెనుక ఒకటి, బోరు దగ్గర ఒకటి, ఈ వారమే పెట్టించండి. వాటి స్విచ్ అత్తమ్మ మంచం పక్కన ఉండేలా వైరు లాగించండి.