ఫ్లాపీ మూలన ఆ చిన్న చిల్లు

ప్రశ్న: లండన్‌లో ఉండే మా బాబాయి ఈసారి వస్తూ, కాలేజీ రోజుల్లో తను వాడిన అటారీ 1040 ఎస్‌టీఎఫ్ అనే పాత కంప్యూటర్ తెచ్చిచ్చాడు. నేను కీబోర్డు వాయిస్తాను, దీనికి మిడి సాకెట్లు (వాయిద్యాలను కంప్యూటర్‌కు కలిపేవి) ఉన్నాయని సంబరపడ్డాను. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్, పది ఫ్లాపీలు కొన్నాను. ల్యాప్‌టాప్‌లో కాపీ చేసి పెడితే అటారీ ఒక్కటీ చదవడం లేదు. అటారీలో ఫార్మాట్ చేసినవి ల్యాప్‌టాప్ చదవడం లేదు. డ్రైవ్ పోయిందంటారా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. అటారీలో ఫార్మాట్ చేసిన డిస్కును అటారీయే మళ్లీ చదువుతోందా? చదువుతుంటే డ్రైవ్‌కు ఏమీ కాలేదు. గొడవంతా డిస్కుతోనే.

ఒక ఫ్లాపీ చేతిలోకి తీసుకోండి. రేకు షట్టర్‌కు ఎదురుగా ఉన్న అంచు చూడండి. ఒక మూల చిల్లుకు అటూ ఇటూ జరిగే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది రాయకుండా వేసే తాళం. రెండో మూల చిల్లు ఊరికే తెరిచి ఉంటుంది. అదుంటే 1.44 ఎంబీ డిస్కు, లేకపోతే 720 కేబీ డిస్కు. మీరు కొన్నవన్నీ చిల్లున్నవే అయ్యుంటాయి.

పీసీ డ్రైవ్ ఆ చిల్లును తడిమి చూసుకుంటుంది. కనబడితే ట్రాక్‌కు (డిస్కు మీద ఒక్కో వలయానికి) 18 సెక్టార్ల (ముక్కల) చొప్పున, సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో రాస్తుంది. మీ అటారీకి తెలిసింది 9 సెక్టార్లు, 250 కిలోబిట్లు. అందులో సగం వేగం. చిల్లుందా లేదా అని అది చూడనే చూడదు, ఏ డిస్కు పెట్టినా 720 అనుకునే పని మొదలుపెడుతుంది. అందుకే ల్యాప్‌టాప్ రాసింది దానికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇటు అటారీ 720గా రాసిన డిస్కును ల్యాప్‌టాప్‌లో పెడితే, చిల్లు చూసి 1.44 అనుకుని వెతుకుతుంది, ఏమీ దొరకదు.

కాబట్టి ఆ చిల్లు మూసేయండి. ఆ మూత అటారీ కోసం కాదు, మీ ల్యాప్‌టాప్ డ్రైవ్ కోసం. సెల్లోటేపు వద్దు. కొన్ని డ్రైవ్‌లు చిల్లును వెలుతురుతో చూస్తాయి, వాటికి సెల్లోటేపు లేనట్టే. నల్ల ఇన్సులేషన్ టేపు కూడా మన ఎండలకు జిగురు కారుస్తుంది, డ్రైవ్‌లోనే ఊడి ఉండిపోతే అదో తలనొప్పి. నేనైతే మందపాటి కాగితం స్టిక్కర్‌ను గోరంత కత్తిరించి రెండు వైపులా అంటిస్తాను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, గవర్నర్‌పేటలో నేను డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో దీనికి సరిగ్గా తిరగేసి చేసేవాళ్లం. చవగ్గా దొరికే 720 డిస్కుకు సోల్డరింగ్ ఐరన్ మొనతో చిల్లు పొడిచి 1.44 చేసేసేవాళ్లం. పెళ్లికార్డు మేటర్ అందులో పెట్టుకుని ప్రెస్సుకు పరిగెత్తితే, అక్కడ ఓపెన్ అయ్యేదాకా ఒకటే టెన్షన్.

చిల్లు మూశాక ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఫార్మాట్ చేయాలి. మౌస్‌తో చేస్తే 720 అనే మాటే కనిపించకపోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫార్మాట్ కమాండ్‌కు ట్రాక్‌లు 80, సెక్టార్లు 9 అని చెప్పండి. లైనక్స్‌లో యూఎఫ్ఐఫార్మాట్ అనే చిన్న ప్రోగ్రాం ఇదే పని చేస్తుంది. ఇంతా చేసినా కొన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లు 720 మాటెత్తితే మొరాయిస్తాయి. వాటితో కుస్తీ పట్టకండి, డ్రైవ్ మార్చండి.

ఫార్మాట్ ల్యాప్‌టాప్‌లోనే చేయమనడానికి ఇంకో కారణం ఉంది. డిస్కు మీద ఫైళ్లు అమర్చడానికి అటారీ వాడేది, పాత పీసీల డాస్ వాడే ఫ్యాట్ పద్ధతే. (మీ బాబాయి తెచ్చింది ఆ రోజుల్లోని ఇంకో కంప్యూటర్ అమిగా అయ్యుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ని, ఆ ఫ్లాపీలను మామూలు పీసీ డ్రైవ్ చదవలేదు.) కానీ పాత టాస్ (అటారీ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న అటారీలు డిస్కు మొదటి సెక్టార్లో పీసీ ఎదురుచూసే గుర్తులు రాయవు. 1989లో వచ్చిన టాస్ 1.04 నుంచి ఆ ఇబ్బంది తీరింది. మీదాంట్లో ఏది ఉన్నా, పీసీలో ఫార్మాట్ చేసిన 720 డిస్కును అటారీ మాత్రం కాదనదు.

ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటకూడదు. పాట పేరంతా రాయాలనిపిస్తుంది గానీ కుదరదు. ఫోల్డర్ చేయకుండా 112 ఫైళ్లకు మించి పట్టవు. పేరు చివర ఎస్‌టీ అనే తోకతో నెట్‌లోంచి దిగే ఫైళ్లను మాత్రం ఇలా కాపీ చేయకండి. అవి మొత్తం డిస్కు నకళ్లు, సెక్టార్ల వారీగా రాసే ప్రోగ్రాం వేరే కావాలి.

ఒక్క మాట. చిల్లు మూసిన డిస్కు ఫైలు దాటించడానికే, దాచుకోవడానికి కాదు. 1.44 డిస్కు పూత వేరు, దాని మీద 720గా రాసింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. మీరు కట్టిన పాటలకు అసలైన 720 డిస్కులే వెతుక్కోండి.

ప్రశ్న: అటక మీద ట్రంకు పెట్టెలో నలభై పాత ఫ్లాపీలు దొరికాయి. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కాకినాడ అంటున్నారు, ఆ సముద్రపు తేమే నా భయం. ముందు ఒక్కోదాని షట్టర్ వేలితో జరిపి, వెనక ఉన్న రేకు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ గోధుమరంగు పొరను దీపం కింద చూడండి. అద్దంలా నున్నగా ఉంటే సరే. తెల్లటి పొడి మచ్చలు కనిపిస్తే అది బూజు.

నేనోసారి చూడకుండా పెట్టేశాను. కరకరమని ఇసుక నలిగినట్టు చప్పుడు వచ్చింది. డిస్కు పాడైందనుకుని తీసి ఇంకోటి పెట్టాను. తర్వాత ఇంకోటి. మూడోది కూడా చదవకపోయేసరికి అనుమానమొచ్చి చూస్తే, మూడింటి మీదా గుండ్రంగా ఒకే గీత. బూజు డిస్కును చదివే హెడ్‌కు అంటుకుని, బాగున్న రెండు డిస్కుల్నీ గీకేసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్ తుడిస్తే డ్రైవ్ దక్కింది, డిస్కులు దక్కలేదు.

మచ్చలున్నవి వేరే కవర్లో కట్టేయండి. వాటిలో ఏముందో లేబుల్ మీద చదివాక, ముఖ్యమైనవి ఉంటే నాకు మళ్లీ రాయండి.