విడిభాగాల బీరువాలు: చోటు మిగిలినా బరువు ఆపేస్తుంది

ప్రశ్న: మాది ఫర్నిచర్ టోకు వ్యాపారం. దుకాణాలవాళ్లు బిగించిన బీరువాలు మానేసి నాక్‌డౌన్ సరుకే (విడి పలకలుగా పెట్టెలో వచ్చి, ఇంట్లో బిగించుకునేది) అడుగుతున్నారు. ఒక కంటెయినర్‌లో ఆరు రెట్లు పడతాయని తయారీదారు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: చోటు వరకే నిజం. 2021లో ఓడ కిరాయిలు ఆకాశాన్నంటినప్పటి నుంచి ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తోంది. 1.8 మీటర్ల ఎత్తు, 0.9 వెడల్పు, 0.5 లోతు ఉన్న బీరువా బిగించి ఉంటే 0.81 ఘనపు మీటర్లు తింటుంది. 18 మి.మీ. పలకలుగా పెట్టెలో సర్దితే 0.13 చాలు. 40 అడుగుల హైక్యూబ్‌లో (మామూలు కన్నా ఎత్తు ఎక్కువున్న కంటెయినర్‌లో) వాడుకోగల చోటు 65 ఘనపు మీటర్లనుకుంటే బిగించినవి 80, విడివి 500. ఆరు రెట్ల లెక్క ఇదే. అయితే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) బీరువా ఒక్కోటీ 70 కిలోల దాకా తూగుతుంది. 500 అంటే 35 టన్నులు. కంటెయినర్ మోసేది సుమారు 26. అంటే 370 దగ్గరే ఆగాలి. లారీకి రోడ్డు మీద పరిమితి తక్కువుంటే ఇంకా తగ్గుతుంది. ధర కట్టేటప్పుడు కిరాయిని 500తో భాగించారో, నష్టం మీదే. 330 బీరువాలే వేసి, మిగిలిన చోట తేలికపాటి కుర్చీలు నింపడం మేలు.

ఇక ఫిర్యాదులు. ఎక్కువగా వచ్చేది క్యామ్ లాక్ (పలకలను కలిపి పట్టే, తిప్పి బిగించే బిగింపు) పట్టు వదిలిందని. పార్టికల్ బోర్డులో మరను రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే రంధ్రం అరిగిపోతుంది, ఇల్లు మారినప్పుడు బయటపడుతుంది. రెండోది అడుగు అంచు ఉబ్బడం. కంటికి కనబడని అంచుకు ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును కప్పుతూ అతికించే పట్టీ) వేయకుండా వదిలేస్తారు, తడిగుడ్డ తగలగానే నీరు పీల్చుతుంది. శాంపిల్‌ను తిరగేసి అడుగు చూడందే ఆర్డరివ్వకండి. ఒకే బీరువా రెండు పెట్టెల్లో వస్తే రెండింటి మీదా లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) ఒకటే ఉండాలి. లేకపోతే తలుపు ఒక ఛాయ, పక్కపలక ఒక ఛాయ. మరల పొట్లాలు నూటికి మూడు అదనంగా అడగండి. ఒక్క పొట్లం తగ్గినందుకు మొత్తం సరుకు వెనక్కి రావడం కన్నా అదే చవక.

ప్రశ్న: సోఫా ఫోమ్ 32 డెన్సిటీ అని అమ్ముతున్నారు. పరీక్ష ఎలా?

జవాబు: 32 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు 32 కిలోలు. 10 సెం.మీ. ఘనం కోసి తూకం వేయండి, 32 గ్రాములు రావాలి. వచ్చినా సంబరపడకండి: సుద్దపొడి కలిపీ బరువు తెప్పిస్తారు. అలాంటి ఫోమ్‌ను గట్టిగా నలిపితే పొడి రాలుతుంది, వదిలాక నెమ్మదిగా లేస్తుంది.