వంటింటి జాబులు: ఉర్లగడ్డ ముక్క కరకరలాడాలంటే

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరు నుంచి ఎయిర్ ఫ్రయర్ తెచ్చిచ్చాడు. వాళ్ల నాన్నకు డాక్టరు నూనె బాగా తగ్గించమన్నారు. ఆయనకేమో రసంలోకి ఉర్లగడ్డ వేపుడు లేనిదే ముద్ద దిగదు. ఫ్రిజ్‌లోంచి గడ్డలు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ కారం కలిపి 200 డిగ్రీల్లో 20 నిమిషాలు పెట్టాను. పైన నల్లగా మాడి, లోపల మెత్తగా వచ్చాయి. రెండోసారి 160లో పెడితే తోలులా సాగాయి. ఆయన ఒక్క మాటా అనకుండా ముక్కలన్నీ పళ్లెం అంచుకు నెట్టేశారు. లోపం మిషన్‌లోనా, నాలోనా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ గడ్డల్ని ఫ్రిజ్‌లోంచి బయటికి తీయండి. మీ తిప్పలు సగం అక్కడే ఉన్నాయి. ఉర్లగడ్డను చల్లగా ఉంచితే అందులోని పిండి కొద్దికొద్దిగా చక్కెరగా మారుతుంది. చక్కెర ఎక్కువైన ముక్కకు వేడి తగలగానే రంగు వచ్చేస్తుంది, లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది. మీరు వేసిన కారం కూడా మాడి ఆ నలుపుకు తోడైంది.

మా అమ్మది పలమనేరు వైపు ఊరు. మొగిలి ఘాట్ ఎక్కితే గాలే మారుతుంది, ఆ చల్లదనానికి అక్కడ ఉర్లగడ్డ బాగా పండుతుంది. గడ్డలు ఇంటికి రాగానే అమ్మ మంచం కింద చీకట్లో గోనెపట్ట పరిచి, ఒకదానిమీద ఒకటి పడకుండా ఆరబోసేది. వేపుడుకు ఏరేటప్పుడు గోటితో గీకి చూసేది. తొక్క ఇట్టే లేచొస్తే కొత్త గడ్డ, నీరెక్కువ, అది కుర్మాకు. తొక్క గట్టిగా పట్టుకుని ఉంటే వేపుడుకు. తిరుపతి రైతుబజారులో నేను ఈరోజుకీ అలాగే గీకి చూసి తీసుకుంటాను. మీరూ అలా చూసి కొని, గాలి తగిలే బుట్టలో, ఎర్రగడ్డలకు దూరంగా పెట్టుకోండి. పచ్చబడినవి మాత్రం వద్దు.

ఇక వేపుడు సంగతి. గడ్డలో ఐదు పాళ్లలో నాలుగు పాళ్లు నీరే. నూనె మూకుడులో ముక్క మునిగి ఉంటుంది కాబట్టి అన్ని వైపులా వేడి ఒక్కసారిగా తగిలి ఆ నీరు తొందరగా పోతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో పని చేసేది ఫ్యాను విసిరే వేడిగాలి. ముక్క తడిగా ఉంటే గాలి వేడంతా ఆ తడి ఆర్చడానికే సరిపోతుంది. మీరు 160లో పెట్టినప్పుడు జరిగింది అదే. కరకరలాడే పొర కట్టేంత వేడి అందక, ముక్క నిదానంగా ఎండిపోయి తోలైంది.

అర కిలో గడ్డలు చెక్కు తీసి, ముప్పావు అంగుళం ముక్కలు కోయండి. ఇంతకన్నా చిన్నవైతే లోపల మెత్తదనం మిగలదు. లీటరు నీళ్లు తెర్లుతుండగా చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా వేసి, ముక్కలు వేయండి. ఐదారు నిమిషాలు చాలు. సోడా వల్ల ముక్క పైపొర కరిగి గుజ్జవుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. జల్లెడలో వంచి, ఆవిరి పూర్తిగా పోయేదాకా పది నిమిషాలు వదిలేయండి. ఇక్కడ తొందరపడొద్దని మీ చేయి పట్టుకుని చెప్పాలనిపిస్తోంది. ఆరిన ముక్కల్ని గిన్నెలో వేసి, మూడు చెంచాల శెనక్కాయ నూనె, చెంచా బియ్యప్పిండి చల్లి, మూతపెట్టి నాలుగుసార్లు కుదపండి. అంచులు గరుకుగా, నూగు పట్టినట్టు అవుతాయి. కరకరలాడేది ఆ నూగే.

ఫ్రయర్ ఐదు నిమిషాలు ముందే వేడెక్కాలి. ముక్కలు ఒక్క వరుసగానే పరవండి, కుప్ప పోస్తే కింది ముక్కలు ఆవిరికి ఉడుకుతాయి. ఇంటికి చుట్టాలొస్తే రెండు వాయిలు వేయండి. 200 డిగ్రీల్లో 18 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు బుట్ట లాగి ఎగరేయండి. ఒక్కో మిషన్ వేడి ఒక్కోలా ఉంటుంది, 15 నిమిషాలప్పుడు తెరిచి చూడండి. బంగారు రంగు రాగానే ఆపేయాలి. ఉర్లగడ్డ మరీ ముదురు రంగుకు వేగితే అక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం పెరుగుతుంది, మీవారి కోసమైనా నలుపు దాకా పోనివ్వకండి.

ఉప్పూ కారం బయటికి తీశాకే. మన పప్పుల పొడి ఉంది కదా, పుట్నాలు, ఎండుమిర్చి, తెల్లగడ్డ వేసి కొట్టింది, వేడి ముక్కల మీద రెండు చెంచాలు చల్లితే చాలు. పొడి మిగిలిన తేమను కూడా పీల్చుకుంటుంది. కరివేపాకు బుట్టలో వేయొద్దు. నేనొకసారి వేస్తే ఫ్యాను గాలికి ఎగిరి పైన కాయిల్‌కు అతుక్కుని, ఇల్లంతా కమురు వాసన. చిన్న గరిటెలో అర చెంచా నూనెతో విడిగా వేయించి కలపండి.

మీవారు భోజనానికి కూర్చున్నాకే ఫ్రయర్ తెరవండి. ఈ ముక్కలు పది నిమిషాలు దాటితే మెత్తబడతాయి. మూత మాత్రం పెట్టకండి. ఆయనకు షుగర్ కూడా ఉంటే, నూనె తగ్గినా గడ్డలో పిండి తగ్గదు కాబట్టి ఎంత తినొచ్చో డాక్టర్నే అడగండి.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్ వాడేటప్పుడు మా ఇంట్లో ప్లగ్గు చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతోంది. పర్వాలేదా?
- ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పర్వాలేదు అనుకోకండి, ఈరోజే వాడకం ఆపండి. ఫ్రయర్ అడుగున ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 1500 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. టీవీ, ఫ్యాను పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, 16 ఆంపియర్లది కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అసలే పెట్టొద్దు. పెద్ద సాకెట్‌లో పెట్టినా వేడెక్కుతుంటే లోపల పిన్ను వదులైందో, వైరు సన్నదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.