గెడ్డలో పైపులు వేసి మట్టి పోశారు, మా మడులు మునుగుతున్నాయి: ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట మండలంలోని ఒక గ్రామం. మా ఎకరంన్నర వరి పొలం పక్క నుంచి గెడ్డ (వాగు) పోతుంది. దిగువ పొలం కొన్న ఆయన నిరుడు గెడ్డలో 300 మి.మీ. పైపులు రెండు వేసి, పైన మట్టి పోసి దారి చేసుకున్నాడు. మాకు ఎగువన పంచాయతీ రోడ్డు కింద మాత్రం 900 మి.మీ. పైపు ఉంది. గట్టి వాన పడితే మా మడిలోనూ, రోడ్డు పక్క కాలనీలోనూ రెండు మూడు రోజులు నీరు దిగడం లేదు. అడిగితే ‘గెడ్డ నా పట్టాలోదే’ అంటున్నాడు. పంచాయతీ వాళ్లు ఇరిగేషన్‌కి వెళ్లమంటారు, వాళ్లు రెవెన్యూకి వెళ్లమంటారు. జేసీబీ పెట్టి మేమే మట్టి తీసేయొచ్చా?

జవాబు: జేసీబీ మాట వదిలేయండి. ఈజ్‌మెంట్ హక్కుకు, అంటే పక్కవారి భూమి మీద దారి, నీరు లాంటి వాటికి ఉండే వాడుక హక్కుకు ఎవరైనా అడ్డు వేసినా హక్కుదారు స్వయంగా దాన్ని తొలగించరాదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 36 చెబుతోంది. మాది సహజ హక్కు కదా, ఆ సెక్షన్ మాకు వర్తించదు అని సందు వెతక్కండి. మట్టి తీసిన మర్నాడు ఆయన ఫిర్యాదుదారు అవుతాడు, మీరు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 (ఆస్తికి నష్టం కలిగించడం) కింద ముద్దాయి అవుతారు.

ముందు ఆ గెడ్డ రికార్డులో ఏమని ఉందో తేల్చాలి. మూడు ఆఫీసులు మిమ్మల్ని తిప్పుతున్నది అది తేలకే. గ్రామ నక్షా, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతలతో ఉన్న సర్వే పటం), పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, కాకపోతే ఆర్‌ఎస్‌ఆర్ (రెండూ పాత భూమి రిజిస్టర్లే) నకళ్లు తీసుకోండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లతో సరిపెట్టుకోవద్దు. పాత ఎఫ్‌ఎంబీలో గెడ్డ వెడల్పు ఎంతో, కొత్త మ్యాపులో ఎంతో పక్కపక్కన పెట్టి చూడాలి. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, గడువు 30 రోజులు.

గెడ్డ పోరంబోకు అని ఉంటే ఆయన పట్టా వాదన అక్కడితో సరి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం వాగులు, కాలువల గర్భం ప్రభుత్వానిదే. తహసీల్దారు సెక్షన్ 7 కింద నోటీసిచ్చి, సెక్షన్ 6 కింద ఖాళీ చేయించాలి. అర్జీ తహసీల్దారుకే పెట్టండి, ప్రతులు పంచాయతీ కార్యదర్శికి, ఇరిగేషన్ ఏఈకి ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో వేసి రసీదు నంబరు దాచుకోండి.

నిజంగానే పట్టాలో ఉందనుకుందాం. అయినా ఆయనకు మట్టి మీద హక్కుందే తప్ప నీటిని ఆపే హక్కు లేదు. సహజమైన వాగు అడ్డంకి లేకుండా, దిశా వేగమూ మారకుండా పారాలన్నది పక్క భూముల యజమానుల హక్కని ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 7 ఉదాహరణలతో సహా చెప్పింది. ఎగువ పొలం మీద పడిన వాననీటిని దిగువవాడు సహజంగా రానివ్వాలన్నదీ అందులోనే ఉంది. దీనికి 20 ఏళ్ల అనుభవం చూపించనక్కర్లేదు. అది గెడ్డ కాక ఎవరో తవ్విన పంట బోదె అయితే మాత్రం సెక్షన్ 15 కింద 20 ఏళ్లు నిరూపించాల్సిందే. ఇంకో మాట: మీరు పైన కొత్త కాలువ తవ్వి అదనపు నీరు ఇటు మళ్లించి ఉంటే ముందే మీ వకీలుకు చెప్పండి, అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

కేసు నిలబడేది కొలతల మీద. 900 మి.మీ. పైపు నోరు 0.64 చదరపు మీటర్లు. 300 మి.మీ. పైపులు రెండూ కలిపినా 0.14. పైపు సన్నబడేకొద్దీ గోడల రాపిడి పెరుగుతుంది కాబట్టి, వాలు ఒకటే అయినా ఆ రెండూ పెద్ద పైపు మోసే నీటిలో తొమ్మిదో వంతుకు మించి మోయలేవు. అదీ శుభ్రంగా ఉంటేనే. కాస్త గడ్డి, గుర్రపు డెక్క చేరితే 300 మి.మీ. నోరు ఒక్క వానకే మూసుకుపోతుంది. పైపు అడుగు గెడ్డ అడుగు కంటే ఎత్తులో వేస్తే ఆ తేడా మేర నీరు ఎప్పుడూ నిలిచే ఉంటుంది, దాని వెనక పూడిక పేరుకుంటుంది. అందుకే నీరు నిలిచిన రోజునే రోడ్డు కల్వర్టు దగ్గర, మట్టి దారికి ఎగువన, దిగువన కొలబద్ద నిలబెట్టి తేదీతో ఫొటోలు తీయండి. దారికి రెండు వైపులా మట్టంలో అడుగు తేడా కనిపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. తేడా లేకపోతే అడ్డంకి ఇంకా కిందెక్కడో ఉన్నట్టు. అరకిలోమీటరు దిగువ దాకా నడిచి చూశాకే దావా వేయండి.

కాలనీ కూడా మునుగుతోంది కాబట్టి ఇది ప్రజలందరి ఇబ్బంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద (పాత సీఆర్‌పీసీ 133) ఆర్డీవోకు దరఖాస్తు చేయండి, కాలనీవాసుల సంతకాలూ పెట్టించండి. సివిల్ కోర్టు కంటే ఇదే త్వరగా తేలే దారి. మీ ఒక్కరి పొలమే మునిగేదైతే ఈ సెక్షన్ పనికిరాదు.

సివిల్ దావాకే వెళ్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 39 కింద అడ్డు తీయించే ఉత్తర్వు కోరాలి. వేసిన వెంటనే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే వకీలును), ఆయనతో సర్వేయరును పంపించమనండి. దావాలో కోర్టును కోరే చోట ‘తగిన పైపు వేయాలి’ అని రాయించకండి, రేపు 450 మి.మీ. పైపు వేసి తగినదే అంటారు. ఎఫ్‌ఎంబీ వెడల్పు మేర, పాత అడుగు మట్టం దాకా మట్టి తీయాలని, దారి కావాలంటే ఎగువ కల్వర్టుకు తగ్గని నోటితో, పైపు అడుగు గెడ్డ అడుగు కంటే పైకి రాకుండా కట్టుకోవాలని రాయించండి. మట్టాన్ని రోడ్డు కల్వర్టు దిమ్మె లాంటి కదలని గుర్తుతో పోల్చి చెప్పాలి.

ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేరిస్తే సీపీసీ సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు తప్పదు. అత్యవసరమైతే 80(2) కింద కోర్టు అనుమతితో నేరుగా వేయొచ్చు. ఉభాలకు (వరి నాట్లకు) ముందే ఉత్తర్వు కావాలంటే నోటీసు ఎండాకాలంలోనే వెళ్లాలి. మన జిల్లాను తిత్లీ తుపాను తాకింది 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న. పంట చేతికి రాకముందే ముంచేవి ఆ రెండు నెలలే.

పంట నష్టానికి పరిహారం కూడా అదే దావాలో అడగొచ్చు. ఈ-పంట నమోదు, వ్యవసాయ సహాయకుడి నివేదిక ఉండాలి. అడ్డు వేసిన తేదీ నుంచి 3 ఏళ్లు దాటనివ్వకండి. కోర్టు ఖర్చు భారమైతే, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వరద బాధితులకు ఉచితంగా వకీలును ఇవ్వాలని న్యాయ సేవల చట్టం సెక్షన్ 12లో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు.