అమెరికాలో వలసదారులపై దొంగతనం కేసు పెడితే చాలు, బాండ్ (డబ్బు పూచీకత్తుపై విడుదల) లేకుండా నిర్బంధిస్తారా?

అందరినీ కాదు. 2025 జనవరి 29న సంతకమైన లేకెన్ రైలీ చట్టం కిందికి రావాలంటే రెండూ ఉండాలి: తనిఖీ లేకుండా సరిహద్దు దాటడం లాంటి కారణంతో ప్రవేశానికి అనర్హులై ఉండటం, దొంగతనం, షాప్‌లిఫ్టింగ్, పోలీసుపై దాడి వంటి నేరంలో అరెస్టవడం లేదా కేసు పడటం. శిక్ష పడక్కర్లేదు. గొడవంతా ఇక్కడే. వదిలేస్తే పెద్ద నేరాలకు దిగుతారని సమర్థకులంటారు. 2003లో డెమోర్ కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి నిర్బంధాన్ని ఒప్పుకుంది గానీ, అక్కడ నేరం రుజువైంది. ఇక్కడ పొరపాటున పట్టుకున్నా ఇమిగ్రేషన్ జడ్జి బాండ్ ఇవ్వలేరు. ఈ సెక్షన్ తనకు వర్తించదని ఆ జడ్జి ముందే, జోసెఫ్ హియరింగ్ అనే విచారణలో వాదించుకోవాలి. ఎఫ్-1 వీసాపై సక్రమంగా వచ్చిన మన విద్యార్థి మామూలుగా దీని కిందికి రాడు. అయితే 30 డాలర్ల షాప్‌లిఫ్టింగ్ కేసుకీ వీసా రద్దు కావచ్చు, అది వేరే తలనొప్పి.